వైన్ సైన్స్‌లో మాస్టర్స్ చేయాలంటే: ముందు ట్యాంకులు కడగండి, తర్వాత అప్లై చేయండి

వైన్ తయారీనే వృత్తిగా పెట్టుకుని, అందుకోసం పీజీ చేద్దామనుకునేవాళ్లు నన్ను మొదట అడిగే ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒక్కటే. "ఏ యూనివర్సిటీ మంచిది?" అది మూడో మెట్టు అంటాను నేను. ముందున్న రెండు మెట్లనూ వదిలేసి నేరుగా అప్లికేషన్ దగ్గరికి పరుగెత్తినవాళ్లలో కొందరు మొదటి సెమిస్టర్‌లోనే బయోకెమిస్ట్రీ దగ్గర చతికిలబడ్డారు. ఇంకొందరు డిగ్రీ మొత్తం పూర్తిచేసి, మొదటి కోత సీజన్‌లో పది రోజులు పనిచేశాక "ఇదా పని!" అని బ్యాగు సర్దుకున్నారు. రెండో రకం నష్టం పెద్దది. రెండేళ్లు, బోలెడంత ఫీజు ఖర్చయ్యాక గానీ సంగతి తెలియదు కదా.

అసలు మీకు కావాల్సిన చదువు ఇదేనా?

వైన్ గురించి చదవడం వేరు, వైన్ చేయడం చదవడం వేరు. డబ్ల్యూఎస్ఈటీ (వైన్ అండ్ స్పిరిట్ ఎడ్యుకేషన్ ట్రస్ట్) కోర్సులు, మాస్టర్ ఆఫ్ వైన్ పరీక్ష లాంటివి ప్రధానంగా వ్యాపారం వైపు నడిచేవాళ్ల కోసం పుట్టినవి. రుచి చూసి అంచనా వేయడం, కొనడం, అమ్మడం, రెస్టారెంట్లకు సలహా ఇవ్వడం వాటితో బాగా వస్తాయి. మంచి చదువులే. కానీ ట్యాంకులో మధ్యలో ఆగిపోయిన ఫర్మెంటేషన్‌ను, అంటే రసం పులియడాన్ని, మళ్లీ నడిపించడం వాటి పని కాదు. వైన్ బిజినెస్ డిగ్రీలు కూడా అంతే, పేరులో వైన్ ఉన్నా అవి మేనేజ్‌మెంట్ చదువులు.

మీరు వెతకాల్సిన పేర్లు రెండు, విటికల్చర్, ఎనాలజీ. మొదటిది తోట. రెండోది ద్రాక్ష వైనరీ గేటు దాటాక సెల్లార్‌లో, అంటే వైన్ తయారయ్యే చోట, జరిగేదంతా. చాలాచోట్ల రెండూ ఒకే డిగ్రీలో ఉంటాయి. "నేను సెల్లార్ మనిషిని, నాకు తోటతో పనేంటి" అనుకోకండి. పండులోని చక్కెర, పులుపు, ఈస్ట్ తినే నైట్రోజన్ అన్నీ తీగ మీదే తయారవుతాయి. ఆ తర్వాత మనం చేసేవి దిద్దుబాట్లే.

మొదటి మెట్టు: ఒక్క కోత సీజన్ పనిచేయండి

ఉత్తరార్ధగోళంలో కోత సుమారు ఆగస్టు నుంచి అక్టోబరు దాకా, దక్షిణార్ధగోళంలో ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా నడుస్తుంది. ఆ రెండు మూడు నెలలకు వైనరీలు తాత్కాలికంగా మనుషుల్ని తీసుకుంటాయి. సెల్లార్ హ్యాండ్, హార్వెస్ట్ ఇంటర్న్, ల్యాబ్ ఇంటర్న్ అనే పేర్లతో ప్రకటనలు వస్తాయి. కోతకు నాలుగైదు నెలల ముందే రాయడం మొదలుపెట్టండి. వీసా కావాల్సినవాళ్లు ఇంకా ముందే. అనుభవం లేకపోయినా తీసుకుంటారు. మెయిల్‌లో వైన్ మీద మీకున్న ప్రేమ గురించి ఒక పేరా రాసే బదులు, పన్నెండు గంటల షిఫ్ట్ చేయగలనని, ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా ఉంటానని, మధ్యలో వెళ్లిపోనని రాయండి. ఫోర్క్‌లిఫ్ట్ లైసెన్సు ఉంటే మొదటి లైన్‌లోనే చెప్పండి.

పని ఎలా ఉంటుందంటే, ఎక్కువగా కడగడమే. పొద్దున ద్రాక్ష రాకముందు డబ్బాలు, కన్వేయర్, ప్రెస్ కడుగుతారు. ద్రాక్ష దిగాక మళ్లీ కడుగుతారు. రసం పంపిన పైపు, రసం పోయబోయే ట్యాంకు, రసం ఖాళీ అయిన ట్యాంకు, అన్నీ కడగాలి. మధ్యలో ఎర్ర వైన్ ట్యాంకుల పని ఉంటుంది. తొక్కలు పైకి తేలి చాపలా గట్టిగా కట్టుకుంటాయి. వాటిని కిందికి నొక్కడం పంచ్‌డౌన్, అడుగునుంచి రసం తోడి పైన పోయడం పంప్‌ఓవర్. రంగు, వగరు ఆ తొక్కల్లోంచే దిగాలి కాబట్టి రోజుకు రెండు మూడు సార్లు తప్పదు. సాయంత్రానికి చేతులు ఊదారంగులోకి మారతాయి. సబ్బుతో పోదు.

ఒక విషయంలో మాత్రం ఎవరు ఎంత తొందరపెట్టినా వినకండి. ఒక లీటరు ద్రాక్షరసం పులిసేటప్పుడు యాభై లీటర్లకు పైగా కార్బన్ డయాక్సైడ్ బయటికొస్తుంది. అది గాలికన్నా బరువు. ఖాళీ చేసిన ట్యాంకు అడుగున, కిందున్న సెల్లార్‌లో చెరువులా నిలుస్తుంది. తొక్కలు తోడటానికి ట్యాంకులోకి దిగిన మనిషి పడిపోవడం, కాపాడబోయి వెనకాలే దిగిన రెండో మనిషీ పడిపోవడం ఈ వృత్తిలో పాత కథే. గ్యాస్ మీటర్ రీడింగ్ చూడకుండా, బయట ఒక మనిషి కాపలా లేకుండా ట్యాంకులోకి దిగొద్దు. "ఇక్కడ అవన్నీ అక్కర్లేదు" అనే చోట పని మానేయడమే మంచిది.

నా మొదటి సీజన్‌లో నాకు అప్పగించిన పని ప్రతి ట్యాంకు నుంచీ శాంపిల్ తీసి, హైడ్రోమీటర్‌తో (రసంలో తేలుతూ దాని సాంద్రత చూపే గాజు గొట్టం) బ్రిక్స్ చూసి, చార్ట్‌లో రాయడం. బ్రిక్స్ అంటే, సులువుగా చెప్పాలంటే, రసంలో ఎంత చక్కెర ఉందో చెప్పే అంకె. ఒక రాత్రి షిఫ్ట్‌లో ఒక ట్యాంకు రీడింగ్ పొద్దుటి అంకె దగ్గరే నిలబడింది. టెన్షన్ పడి, ఫర్మెంటేషన్ ఆగిపోయిందని వైన్‌మేకర్‌ను నిద్రలేపాను. ఆయన వచ్చి, అదే శాంపిల్‌ను రెండు గ్లాసుల మధ్య పదిసార్లు అటూ ఇటూ తిరగబోసి, మళ్లీ హైడ్రోమీటర్ ముంచారు. అంకె రెండు కిందికి దిగింది. శాంపిల్‌లోని గ్యాస్ బుడగలు హైడ్రోమీటర్‌కు అతుక్కుని దాన్ని పైకి తేల్చాయి, అంతే. ఆయన ఏమీ అనలేదు, గ్లాసులు కడిగిపెట్టి వెళ్లిపోయారు. తర్వాత క్లాసులో సాంద్రత మీద చెప్పిన పాఠం నాకు ఒక్కసారికే ఎక్కింది. పక్కన కూర్చున్నవాళ్లకు అది పరీక్షలో వచ్చే ప్రశ్న మాత్రమే.

సీజన్ అయ్యాక మీకు ఇంకా ఈ పని చేయాలనే ఉంటే రెండో మెట్టు ఎక్కండి. లేదనిపిస్తే రెండు మూడు నెలల జీతంతో, ఏ అప్పూ లేకుండా బయటపడ్డట్టే. అది కూడా చిన్న లాభం కాదు.

రెండో మెట్టు: సైన్సు లెక్క సరిచూసుకోండి

ఈ మాస్టర్స్‌లో చేరేవాళ్లలో కెమిస్ట్రీ, మైక్రోబయాలజీ, వ్యవసాయం, ఫుడ్ టెక్నాలజీ, కెమికల్ ఇంజినీరింగ్ నుంచి వచ్చేవాళ్లు ఎక్కువ. వేరే డిగ్రీ ఉన్నా దారి మూసుకుపోదు. కాకపోతే లోటు ముందే పూడ్చుకోవాలి. సాధారణంగా అడిగేవి జనరల్ కెమిస్ట్రీ, ఆర్గానిక్ కెమిస్ట్రీ, బయోకెమిస్ట్రీ, మైక్రోబయాలజీ, ఫిజిక్స్, కాల్క్యులస్, స్టాటిస్టిక్స్. మీ మార్కుల పత్రం ముందు పెట్టుకుని ఒక్కోటీ టిక్ పెట్టండి. లేనివి సాయంత్రం కాలేజీలోనో ఆన్‌లైన్‌లోనో చేయొచ్చు. అయితే ల్యాబ్ లేని ఆన్‌లైన్ కోర్సును ఒప్పుకుంటారో లేదో డబ్బు కట్టకముందే అడ్మిషన్ ఆఫీసుకు మెయిల్ చేసి, జవాబు దాచిపెట్టుకోండి.

ఇంత కెమిస్ట్రీ ఎందుకని విసుక్కునేవాళ్లకు ఒక లెక్క చూపిస్తాను. వైన్ పాడవకుండా సల్ఫర్ డయాక్సైడ్ వేస్తారు. వేసినదాంట్లో కొంత వైన్‌లోని ఇతర పదార్థాలకు అతుక్కుపోతుంది. మిగిలిన ఫ్రీ భాగంలోనూ మాలిక్యులర్ రూపంలో ఉన్న చిన్న వాటాయే సూక్ష్మజీవుల్ని అణచిపెడుతుంది. ఆ వాటా ఎంతన్నది పీహెచ్ మీద ఆధారపడుతుంది. తెల్ల వైన్‌లో సాధారణంగా లీటరుకు 0.8 మిల్లీగ్రాముల మాలిక్యులర్ భాగం ఉండేలా చూసుకుంటారు. పీహెచ్ 3.2 అయితే అందుకు ఫ్రీ సల్ఫర్ డయాక్సైడ్ 20 మిల్లీగ్రాములు సరిపోతుంది. పీహెచ్ 3.8 అయితే అదే రక్షణకు దాదాపు 79 మిల్లీగ్రాములు కావాలి. పీహెచ్ లాగరిథమ్ లెక్క కాబట్టి, అర పాయింటు తేడాకే మోతాదు మూడింతలు దాటిపోతుంది.

అక్కడితో అయిపోలేదు. 10,000 లీటర్ల ట్యాంకులో లీటరుకు 30 మిల్లీగ్రాములు పెంచాలనుకోండి. అంటే 300 గ్రాములు. కానీ చేతిలో ఉన్నది పొటాషియం మెటాబైసల్ఫైట్ పొడి, అందులో సల్ఫర్ డయాక్సైడ్ సుమారు 57 శాతమే. కాబట్టి తూచాల్సింది దాదాపు 520 గ్రాములు. ఈ లెక్క క్లాసులో ప్రశాంతంగా చేయరు, పదో గంట పనిలో, తడి గ్లవ్స్‌తో, పంపు మోత మధ్య చేస్తారు. దశాంశ బిందువు ఒక్క స్థానం జరిగితే ట్యాంకులో పడేది ఐదు కిలోలు. అందుకే పక్క మనిషితో మళ్లీ లెక్క వేయించాకే పొడి కలపడం మంచి సెల్లార్లలో పద్ధతి.

స్టాటిస్టిక్స్‌ను కూడా తేలిగ్గా తీసుకోకండి. రెండు ఈస్ట్‌లతో చేసిన రెండు వైన్ల మధ్య తేడా ఉందా అని తేల్చడానికి మూడు గ్లాసులు పెడతారు, రెండింటిలో ఒకే వైన్, ఒకదాంట్లో వేరేది. ఊరికే ఊహించినా మూడింట ఒకరు సరిగ్గా చెప్పేస్తారు. పన్నెండు మందితో పరీక్ష పెడితే కనీసం ఎనిమిది మంది సరిగ్గా పట్టుకుంటేనే తేడా ఉందని అనాలి. ఆరుగురు పట్టుకున్నారని సంబరపడి ఖరీదైన ఈస్ట్ కొనేసిన వైనరీని నేను చూశాను.

మూడో మెట్టు: ఇప్పుడు యూనివర్సిటీ

అమెరికాలో డేవిస్‌లోని కాలిఫోర్నియా యూనివర్సిటీ ఈ రంగంలో అందరికీ తెలిసిన పేరు. ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా 10 డిగ్రీల సెల్సియస్ పైన ఉన్న వేడిని రోజూ కూడుతూ ప్రాంతాలను ఐదు తరగతులుగా విడదీసిన వింక్లర్ సూచిక అక్కడిదే. కాబెర్నే సావిన్యాన్ అనే ద్రాక్ష రకం కాబెర్నే ఫ్రాంక్, సావిన్యాన్ బ్లాంక్‌ల సంతానమని 1990లలో డీఎన్ఏతో తేల్చిందీ అక్కడివాళ్లే. కార్నెల్, వాషింగ్టన్ స్టేట్, ఆరెగాన్ స్టేట్ యూనివర్సిటీల్లోనూ ఈ పరిశోధన బలంగా ఉంది. ఆస్ట్రేలియాలో అడిలైడ్‌లోని వెయిట్ క్యాంపస్‌కు ఒక సౌకర్యం ఉంది, ఆస్ట్రేలియన్ వైన్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ అదే ఆవరణలో ఉంటుంది. న్యూజిలాండ్‌లో లింకన్, దక్షిణాఫ్రికాలో స్టెలెన్‌బాష్, జర్మనీలో 1872 నుంచి నడుస్తున్న గైసెన్‌హైమ్ కూడా చూడండి.

ఫ్రాన్స్ సంగతి వేరు. అక్కడ ఎనాలజిస్ట్ అనే హోదాకు చట్టం ఉంది, 1955లో పెట్టిన జాతీయ ఎనాలజిస్ట్ డిప్లొమా ఉంటేనే ఆ పేరు వాడుకోవాలి. బోర్డో, మాంపెల్లియే, డీజాన్, రీమ్స్ లాంటి చోట్ల ఇస్తారు, చదువు ఫ్రెంచ్‌లో. భాష రాదు, యూరప్‌లోనే చదవాలని ఉంది అనుకునేవాళ్లకు వినిఫెరా యూరోమాస్టర్ ఉంది. మొదటి ఏడాది మాంపెల్లియేలో ఇంగ్లీషులో, రెండో ఏడాది భాగస్వామి యూనివర్సిటీల్లో ఒకచోట చదవాలి.

ర్యాంకుల జాబితాలు చూసి నిర్ణయం తీసుకోవద్దు. మీ లోటు చూసుకుని తీసుకోండి. ల్యాబ్‌లో ఆరితేరి సెల్లార్ తెలియనివాళ్లకు క్యాంపస్‌లోనే వైనరీ ఉండి, విద్యార్థులే వైన్ చేసే చోటు కావాలి. నాలుగు సీజన్లు పనిచేసి "ఎందుకు" అనేది తెలియనివాళ్లకు గట్టి పరిశోధన ఉన్న చోటు కావాలి. ప్రతి కోర్సు వాళ్లనీ ఈ మూడు అడగండి. కోత సమయంలో క్లాసులు ఎలా నడుస్తాయి? విద్యార్థి ఒక వైన్‌ను పండు నుంచి సీసా దాకా తనే చేస్తాడా, లేక పక్కన నిలబడి చూస్తాడా? గత రెండు బ్యాచ్‌ల వాళ్లు ఇప్పుడు ఏ పనిలో ఉన్నారు? మూడో ప్రశ్నకు జవాబు నీళ్లు నమిలినట్టు వస్తే జాగ్రత్తపడండి.

కోర్స్‌వర్క్ డిగ్రీయా, థీసిస్ డిగ్రీయా అన్నది ఇంకో ఎంపిక. వైన్‌మేకర్ అవ్వడానికి థీసిస్ తప్పనిసరేమీ కాదు. అయితే పరిశోధన దారిలో చేరితే ప్రొఫెసర్ ప్రాజెక్టు నుంచి అసిస్టెంట్‌షిప్ దొరికే అవకాశం ఉంటుంది. కోర్స్‌వర్క్‌కు చాలాసార్లు సొంత డబ్బే పెట్టుకోవాలి.

అప్లికేషన్

దీని గురించి ఎక్కువ చెప్పను. స్టేట్‌మెంట్‌లో సూర్యాస్తమయాలు, తోటల అందాలు వద్దు. మీరు చూసిన ఒక సమస్య రాయండి. ఫలానా ట్యాంకులో కుళ్లిన గుడ్డు వాసన వచ్చింది, ఈస్ట్ కోసం నైట్రోజన్ వేశారు, తగ్గలేదు, ఎందుకు తగ్గలేదో నాకు అర్థం కాలేదు, అది తెలుసుకోవాలని ఉంది. ఈ నాలుగు ముక్కల్లో సెల్లార్ అనుభవం, పరిశీలన, తెలియనిది ఒప్పుకునే గుణం మూడూ కనిపిస్తాయి. రికమెండేషన్ లెటర్లలో ఒకటి మిమ్మల్ని రాత్రి షిఫ్ట్‌లో చూసిన సెల్లార్ మేనేజర్‌ది అయితే మంచిది. థీసిస్ దారి అయితే ప్రొఫెసర్ రాసిన రెండు పేపర్లు నిజంగా చదివి, ఒక ప్రశ్నతో మెయిల్ పెట్టండి. జవాబు రాకపోతే రెండు వారాలాగి ఒక్కసారి గుర్తుచేయండి, కోత నెలల్లో అయితే ఇంకొంచెం ఆగండి.

చేరాక

క్లాసులు, పరీక్షలు ఎలాగూ నడుస్తాయి. బయటివాళ్లు చెప్పని సంగతులు రెండున్నాయి.

మొదటిది ముక్కు. వారానికి ఒకసారైనా నలుగురైదుగురు కలిసి కూర్చోండి. వాసన తక్కువగా ఉండే చవక వైన్‌ను గ్లాసుల్లో పోసి, ఒకదాంట్లో క్యాప్సికమ్ ముక్క, ఒకదాంట్లో లవంగం, ఒకదాంట్లో వెన్న వేసి మూతపెట్టి, గంటాగి పేర్లు చూడకుండా వాసన పట్టండి. డేవిస్‌లో పరిశోధకురాలు ఆన్ నోబుల్ 1980లలో తయారుచేసిన వాసనల చక్రం గోడకు అంటించుకోండి, "బాగుంది", "ఏదోలా ఉంది" అనే మాటలు మానడానికి పనికొస్తుంది. దోషాలను వేరుగా నేర్చుకోవాలి. తడిసిన అట్టపెట్టె వాసన కార్క్ నుంచి వచ్చే టీసీఏ అనే రసాయనానిది, గుర్రాల కొట్టం వాసన బ్రెటనోమైసిస్ ఈస్ట్‌ది. ఎవరి ముక్కుకుండే గుడ్డితనం వాళ్లది. షిరాజ్ అనే ఎర్ర వైన్‌కు మిరియాల వాసన తెచ్చే రోటండోన్ అనే పదార్థాన్ని ఆస్ట్రేలియాలో పరీక్షించినప్పుడు దాదాపు ఐదోవంతు మందికి అది తెలియనే లేదు. మీకు ఏది తెలియదో చదువుకునే రోజుల్లోనే కనిపెట్టుకోండి, తర్వాత ఆ ఒక్కదానికి పక్కవాళ్ల ముక్కు అరువు తెచ్చుకోవచ్చు. రుచి చూసి ఉమ్మేయడం నామోషీ కాదు, పని. ఉదయం పదకొండుకే ముప్పై గ్లాసులు చూడాల్సి వచ్చినప్పుడు మింగేవాళ్లెవరూ మధ్యాహ్నం దాకా నిలబడలేరు.

రెండోది థీసిస్ టైమ్‌టేబుల్. ద్రాక్ష ఏడాదికి ఒక్కసారే పండుతుంది. ఉత్తరార్ధగోళంలో కోర్సు మొదలయ్యేది సాధారణంగా ఆగస్టు, సెప్టెంబరుల్లో, అంటే కోత నడుస్తుండగానే. మీరు హాస్టల్ గది వెతుక్కునేలోపే మొదటి సీజన్ చేయి దాటిపోతుంది. మిగిలేది రెండో ఏడాది కోత ఒక్కటే. అందులో పంప్ చెడినా, వాన పడి పండు కుళ్లినా మీ డేటా పోతుంది, డిగ్రీ ఏడాది వెనక్కి జరుగుతుంది. కాబట్టి చేరడానికి మూడు నెలల ముందే గైడ్‌తో మాట్లాడి, మొదటి కోతలోనే చిన్న ట్రయల్ చేసే వీలు అడగండి. లేదా ఈస్ట్ మీదో బ్యాక్టీరియా మీదో పని ఎంచుకోండి. వాటికి ల్యాబ్‌లో కలిపిన కృత్రిమ ద్రాక్షరసంతో ఏడాది పొడవునా ప్రయోగాలు చేయొచ్చు. నా బ్యాచ్‌లో వాన దెబ్బ తిన్న ఒకామె గడ్డకట్టించి దాచుకున్న ఇరవై లీటర్ల రసంతో థీసిస్ గట్టెక్కించింది. ఆ రసం ఎందుకైనా మంచిదని ఫ్రీజర్‌లో పెట్టింది కాబట్టి సరిపోయింది.

డిగ్రీ తర్వాత

మాస్టర్స్ ఉందని ఎవరూ నేరుగా వైన్‌మేకర్ కుర్చీలో కూర్చోబెట్టరు. మళ్లీ హార్వెస్ట్ ఇంటర్న్‌గానో, ల్యాబ్‌లో ఎనాలజిస్ట్‌గానో మొదలుపెట్టాలి, తర్వాత అసిస్టెంట్ వైన్‌మేకర్. ఈ దశలో చాలామంది ఏడాదికి రెండు కోతలు చేస్తారు. అక్టోబరులో ఉత్తరాన ముగించుకుని ఫిబ్రవరికి దక్షిణాన దిగుతారు. ఒకేచోట ఉంటే నాలుగేళ్లకు చూసే ఫర్మెంటేషన్లు రెండేళ్లలో చూసేస్తారు. ఈస్ట్ కంపెనీలు, పీపాల తయారీదార్లు, టెస్టింగ్ ల్యాబ్‌లు కూడా ఈ డిగ్రీ ఉన్నవాళ్లను తీసుకుంటాయి, అక్కడ పని వేళలు మనుషులకు తగ్గట్టు ఉంటాయి. కుటుంబం ఉన్నవాళ్లు దాన్ని ఓడిపోవడంగా చూడక్కర్లేదు.

దేశాలు మారేటప్పుడు బూట్లను మరిచిపోకండి. 1860లలో అమెరికా నుంచి వెళ్లిన ఫిలోక్సెరా అనే పురుగు యూరప్ తోటలను తుడిచిపెట్టింది. ఇప్పటికీ చాలాచోట్ల తీగలను ఆ పురుగును తట్టుకునే అమెరికా వేళ్ల మీద అంటు కట్టే నాటుతున్నారు. అందుకే ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ విమానాశ్రయాల్లో తోటలో తిరిగిన బూట్లు ఉన్నాయని ఫారంలో తప్పకుండా రాయాలి, వాళ్లు అడుగుభాగం తిప్పి చూస్తారు. విమానం ఎక్కే ముందు రోజు రాత్రి పాత టూత్‌బ్రష్ తీసుకుని, గాడుల్లో ఇరుక్కున్న మట్టంతా వేడినీళ్లతో తోమి, ఆరబెట్టి, బ్యాగులో పైనే పెట్టుకోండి.